ఫొటో వెనక

14 నవంబరు 2025, శుక్రవారం

సంత రోజు. బ్యాంకు పాసుబుక్కులకని, బడి ఫారాలకని పాస్‌పోర్టు సైజు ఫొటోలు తీసేసరికి మధ్యాహ్నం దాటిపోయింది. ఆ గోలలోనే న్యూజెర్సీ నుంచి మేనల్లుడు పంపిన కవరు వచ్చింది. రెండు అట్టల మధ్య ఒక పాత బేస్‌బాల్ ఫొటో, నలుపు తెలుపు, ఎనిమిది బై పది అంగుళాలు. ఒకతను దుమ్ము రేపుతూ బేస్ మీదికి జారుతున్నాడు, ఇంకొకతను బంతి పట్టుకుని అతని మీదికి వంగాడు. ఔటో కాదో నాకు తెలియలేదు. ఆ ఆట నాకు రాదు.

అసలు సంగతి వెనకవైపు ఉంది. ఫొటో ఏజెన్సీ రబ్బరు ముద్ర. పత్రిక లైబ్రరీ అందుకున్న తేదీ ముద్ర. ఎవరు, ఏ మైదానం, ఎవరి మీద ఆట అని టైపు చేసి అంటించిన చీటీ, పసుపెక్కింది, అంచులు విరిగిపోతున్నాయి. దాని పక్కన ఎర్ర పెన్సిల్‌తో ‘రెండు కాలమ్‌లు’ అని ఎవరో సబ్ ఎడిటరు రాసుకున్నాడు. మళ్లీ ముందుకు తిప్పి ఏటవాలు వెలుతురులో చూస్తే ఆటగాడి భుజం చుట్టూ తెల్లరంగు పూసిన జాడ. అచ్చులో మనిషి వెనకనున్న జనంలో కలిసిపోకూడదని అప్పట్లో కుంచెతో అలా దిద్దేవారు. ఆ చిన్న పని చేసిన చేతికి మనసులోనే దండం పెట్టాను. స్టూడియోలో మొటిమలు, మచ్చలు దిద్దుతూ బతికినవాణ్ని కదా.

రాత్రి మేనల్లుడు ఫోన్ చేశాడు. "ఇది చవకదే మామయ్యా, పెద్ద పేరున్న ఆటగాడేం కాదు. నీకు వెనకవైపు నచ్చుతుందని పంపాను." అక్కడి సేకర్తలు ఫొటోలను తరగతులుగా విడదీస్తారట. అసలు నెగెటివ్ నుంచి, తీసిన రెండేళ్లలోపు వేసిన ప్రింటైతే మొదటి రకం. అదే నెగెటివ్ నుంచి తర్వాతెప్పుడో వేస్తే రెండో రకం. కాపీ నెగెటివ్ నుంచి వేస్తే ఇంకా కిందకి. ముద్రలూ చీటీలూ చూసే ఏ రకమో తేలుస్తారు. హోనస్ వాగ్నర్ అనే ఆటగాడి కార్డు ఒకటి, 1909-11 నాటిది, సిగరెట్ పెట్టెలో ఊరికే వచ్చింది, 2022లో 72 లక్షల 50 వేల డాలర్లకు అమ్ముడుపోయిందట. మన పిల్లలు ఎనభైలలో బిగ్ ఫన్ బబుల్‌గమ్‌తో వచ్చే క్రికెట్ కార్డులు ఎన్ని పోగేశారు! పరుగులూ వికెట్లూ లెక్క కట్టి బహుమతులకు మార్చుకున్నారు, మిగిలినవి వానకి పోయాయి.

ఈ రోజే క్రికెటరు సి.కె.నాయుడు పోయిన రోజు. 1967, ఇండోర్‌లో. ఆయన బొమ్మతో 1941లో వచ్చిన బాత్‌గేట్ లివర్ టానిక్ ప్రకటన అసలు కాగితం కోసం ఎప్పటినుంచో వెతుకుతున్నాను. సరుకు అమ్మడానికి క్రికెటరు మొహం వాడటం మన దేశంలో దానితోనే మొదలని అంటారు. దొరకలేదు.

17 నవంబరు, సోమవారం

మంచు పదింటికిగాని విడలేదు. వలిసె చేలు నిండా పూశాయి. టూరిస్టులు చేలోకి దిగి సెల్ఫీ తీసుకోవడానికి మనిషికి ఇంతని రైతులు వసూలు చేస్తున్నారు. మంచిపనే.

అల్మారా విప్పి చెమ్మ చూశాను. అరకులో పాత ఫొటోలు దాచడమంటే చెమ్మతో సంసారం. వానాకాలంలో జెలటిన్ పొర మెత్తబడి అద్దానికి అతుక్కుంటుంది, లాగితే మొహం అద్దానికే ఉండిపోతుంది. అందుకే ఫ్రేములు కట్టను. జిగురు పేజీల ఆల్బమ్‌లు ఇంకా దారుణం, పదేళ్లకి ఫొటో వీపంతా పసుపు చారలు. మెత్తటి ప్లాస్టిక్ కవర్లూ పనికిరావు. పలచటి కాగితం చుట్టి, రేకు డబ్బాలో నిలువుగా పెట్టి, చెప్పుల పెట్టెల్లో వచ్చే సిలికా పొట్లాలు వేస్తాను. నా భార్య ఆ పొట్లాల్ని చుట్టుపక్కల ఇళ్లన్నిటా అడిగి తెచ్చిపెడుతుంది. ఈ పిచ్చిలో ఆమె వంతు అది.

21 నవంబరు, శుక్రవారం

కింద నుంచి, అంటే విజయనగరం వైపు నుంచి, ఒకాయన వచ్చాడు. నేను పాత క్రికెట్ బొమ్మలు కొంటానని ఎవరో చెప్పారట. "విజ్జీగారి ఫొటో అండి. 1936, లండన్‌లో తీసిన ఒరిజినల్. మా తాతగారి పెట్టెలోది. నలభై వేలు." 

గ్రూపు ఫొటో. ఇంగ్లండు వెళ్లిన భారత జట్టు, మధ్యలో కుర్చీలో కెప్టెన్ విజ్జీ, అంటే విజయనగరం మహారాజకుమార్ విజయానంద గజపతిరాజు. బొమ్మ అబద్ధం కాదు. భూతద్దం కింద పెడితే అచ్చు చుక్కల్లేవు, కాబట్టి పత్రికలోంచి కోసింది కాదు, నిజమైన ఫొటోనే. ఇక కాగితం వయసు తేలాలి. దొంగనోట్లు చూసే నీలం లైటు కౌంటర్లో ఎప్పుడూ ఉంటుంది. షట్టరు సగం దించి దాని కింద పెట్టాను. కాగితం ఉతికిన చొక్కాలా తెల్లగా మెరిసింది. ఫొటో కాగితంలో ఆ మెరుపు మందు కలపడం యాభైలలో మొదలైంది. 1936 నాటి కాగితం ఆ లైటు కింద చప్పగా, మసకగా ఉండాలి. ఎవరి దగ్గరో అసలుది చూసి, దాన్ని మళ్లీ కెమెరాతో తీసి, తర్వాతెప్పుడో వేయించుకున్న ప్రింటు ఇది. 

"మరి మా తాతగారు ఒరిజినల్ అనేవోరండి!" ఆయన మొహం వాడిపోయింది. మోసగాడు కాదు పాపం. తాత మాట నమ్మి ఘాటు రోడ్డు ఎక్కి వచ్చాడు. టీ తెప్పించాను.

తాగుతూ వెనక్కి తిప్పి చూస్తే పెన్సిల్ గీతలు. ముందువైపు ఎవరు ఎక్కడ నిలబడ్డారో అదే వరసలో సున్నాలు చుట్టి, కొన్నిటి కింద తెలుగులో పేర్లు. విజ్జీగారు, సి.కె., రామస్వామి. కింద ‘మనవాళ్లు’ అని రాసి గీత కొట్టారు. ఆ పెద్దాయన ఎవరో, ఎప్పుడో రేడియోలోనో పేపర్లోనో విన్న, చదివిన ఆటని గుర్తు చేసుకుంటూ, జట్టులో తనవాళ్లు ఎవరెవరా అని ఏరుకున్నాడు. ముందువైపుకి విలువ లేదు, అలాంటి కాపీలు దొరుకుతాయి. ఈ వెనకవైపు ఇంకెక్కడా దొరకదు.

అదే చెప్పాను. కాపీ అని చెప్పి, వెనక రాతకి ఎంతిస్తానో చెప్పాను. నలభై వేలకి చాలా దూరం. కాసేపు ఆలోచించి, "తాత రాత నా దగ్గరే ఉంచుకుంటానండి" అన్నాడు. రెండు వైపులా స్కాన్ చేసి ఇచ్చాను. నా పెట్టెలోకి రాలేదుగానీ ఆయన తీసుకున్న నిర్ణయం నాకు నచ్చింది.

22 నవంబరు, శనివారం

స్కాన్‌ని కంప్యూటర్లో పెద్దది చేసి చూస్తూ కూర్చున్నాను. ఈ ఫొటో ఆ వేసవిలో ఎప్పటిదో తేల్చడం తేలికే. లాలా అమర్‌నాథ్ ఉన్నాడు. ఆయన్ని కెప్టెన్‌తో గొడవ వల్ల మొదటి టెస్టుకు ముందే, జూన్‌లో, ఇంటికి పంపేశారు. కాబట్టి ఫొటో అంతకు ముందుది. ఇంకో ఆనవాలుంది. టూరు మధ్యలోనే విజ్జీకి ‘సర్’ బిరుదు వచ్చింది. ఏ ఫొటో వెనక చీటీలోనైనా ఆయన పేరు ముందు ‘సర్’ ఉంటే ఆ చీటీ ఆ తర్వాత టైపు చేసింది. ఒక్క మాటతో నెలలు తేలతాయి.

పెన్సిల్ సున్నాల్లో నన్ను పట్టుకున్నది రామస్వామి. కోటా రామస్వామి, మద్రాసు క్రికెట్‌కు తండ్రి అనిపించుకున్న బుచ్చిబాబు నాయుడి కొడుకు. 1922లో డేవిస్ కప్‌లో టెన్నిస్ ఆడాడు. 1936లో నలభై ఏళ్లు నిండాక మాంచెస్టర్‌లో తన మొదటి టెస్టు ఆడి 40, 60 కొట్టాడు. రెండే టెస్టులు, సగటు 56 దాటింది. 1985 అక్టోబరులో, ఎనభై తొమ్మిదేళ్ల వయసులో, మద్రాసులో ఇంట్లోంచి బయటికి వెళ్లి మళ్లీ రాలేదు. ఇప్పటికీ ఏమయ్యాడో తేలలేదు. ఆయన బొమ్మ ఎక్కడ చూసినా నా కన్ను ముందు కాళ్ల మీదికి పోతుంది, ఎందుకో.

24 నవంబరు, సోమవారం

పేపర్లన్నీ కొన్నాను. అంధ మహిళల మొదటి టీ20 ప్రపంచ కప్ మనదే. నిన్న కొలంబోలో ఫైనల్లో నేపాల్‌ని ఓడించారు. జట్టులో మన పాడేరు వైపు అమ్మాయి పాంగి కరుణ కుమారి ఉంది. టీ కొట్టు దగ్గర రోజూ రోహిత్, కోహ్లీ అంటూ కొట్టుకునే కుర్రాళ్లు ఇవాళ "మన పాంగోళ్ల గుంట" అని మాట్లాడుకుంటున్నారు.

కత్తిరించి దాచాలి. న్యూస్‌ప్రింట్‌లో ఆమ్లం ఉంటుంది, ఫొటోల డబ్బాలో కలిపి పెడితే వాటికీ మరక పాకుతుంది. విడిగా కవరు చేశాను. కానీ ఈ ఆటని ఫొటో ఎలా పట్టుకుంటుంది? అందులో బంతి గట్టి ప్లాస్టిక్, లోపల బేరింగ్ గోళీలు. చేతిని కిందనుంచి తిప్పి, నేల మీద దొర్లేలా వేస్తారు, ఆ గలగల విని బ్యాట్ తిప్పుతారు. ఏ ప్రింటులోనూ ఆ చప్పుడు లేదు. అలాంటి బంతి ఒకటి సంపాదించాలి, వాడిందే, గీతలు పడ్డదే. ఇన్నాళ్లూ కాగితం తప్ప ఇంకోటి పోగు చేయని నాకు ఇది కొత్త ఆశ.

2 డిసెంబరు, మంగళవారం

విజ్జీ పోయి ఇవాళ్టికి అరవై ఏళ్లు. కాశీలో పోయాడు, 1965లో. 

ఆయన గురించి నవ్వని క్రికెట్ రచయిత లేడు. మూడు టెస్టులు, 33 పరుగులు, సగటు 8.25. సిరీస్ 2-0తో పోయింది. మర్చంట్‌ని రనౌట్ చేయమని ముష్తాక్ అలీకి చెప్పాడని కథ. ఆ ఇద్దరూ మాంచెస్టర్‌లో మొదటి వికెట్‌కి 203 కలిపారు. అంతా నిజమే కావచ్చు. కానీ 1930-31లో ఇంగ్లండు నుంచి రావాల్సిన ఎం.సి.సి. టూరు రద్దయితే, సొంత ఖర్చుతో జట్టు కట్టి, జాక్ హాబ్స్‌నీ హెర్బర్ట్ సట్‌క్లిఫ్‌నీ రప్పించి, దేశమంతా, సిలోన్‌లో కూడా ఆడించినవాడూ ఈయనే. బిరుదు సంపాదించాడు, ట్రోఫీలు చేయించాడు, ఆటగాళ్లని పోగేశాడు. నాలాంటివాడే అనిపిస్తుంది ఒక్కోసారి, డబ్బు ఒక్కటే తేడా. ఆడటం రానివాడు ఆట పక్కన నిలబడటానికి ఎన్ని దారులు వెతుక్కుంటాడో విజ్జీని చూస్తే తెలుస్తుంది. నేను కూడా బంతి సరిగ్గా పట్టుకున్నవాణ్ని కాదు.

5 డిసెంబరు, శుక్రవారం

స్టూడియో నాకు అమ్మిన మాస్టారు వదిలేసిన ఆగ్ఫా పెట్టెలు అటక మీంచి దించాను. మూత తీస్తే పులిసిన వాసన. అసిటేట్ నెగెటివ్‌లు కుళ్లడం మొదలైతే వెనిగర్‌లా కంపు కొడతాయి, అంటువ్యాధిలా పక్కవాటికీ పాకుతుంది. వాసన వచ్చేవి వేరు చేసి, బాగున్నవి లైట్ టేబుల్ మీద పరిచాను. పెళ్లిళ్లు, రేషను కార్డులు, పెళ్లిళ్లు.

ఒకటి క్రికెట్ జట్టు. 

స్కాన్ చేసి తిప్పాను. నేల మీద కూర్చున్నవాళ్లు, వెనక నిలబడ్డవాళ్లు, మధ్యలో చెక్క షీల్డు. బ్యాట్ ఒకటే, అది షీల్డు పక్కన దేవుడి పటంలా నిలబెట్టారు. ఒకే కాలికి ప్యాడ్ కట్టుకున్నవాళ్లు ఇద్దరున్నారు, జతని పంచుకున్నారన్నమాట. సగంమంది చెప్పుల్లేకుండా. వెనకాల రైలు కట్ట. కట్ట మీద కరెంటు తీగల్లేవు, స్తంభాల్లేవు. కొత్తవలస-కిరండూల్ లైను అరవైలలో బైలడిల్లా ఇనుపరాయి జపాన్ పంపడానికి వేశారు. తీగలు వచ్చింది ఎనభైలలో. కాబట్టి ఫొటో ఆ మధ్యకాలానిది. షీల్డు మీద రాత ఉందిగానీ ఫోకస్ ముందువరసలో ఒకడి మోకాలి మీద పడింది. అంత చక్కగా కనపడే మోకాలు నేను ఇంకో ఫొటోలో చూడలేదు.

నెగెటివ్ కవరు మీద ‘క్రికెట్, 2 కాపీలు, బాకీ’ అని ఉంది. అంతే. పేర్లు లేవు, ఊరు లేదు, తేదీ లేదు. 1936 జట్టు మీద నాకు పుస్తకాలున్నాయి, స్కోరు కార్డులున్నాయి, సున్నాలు చుట్టిన తాత ఉన్నాడు. నా స్టూడియో కెమెరా ముందు నిలబడి తీయించుకున్నవాళ్ల మీద ఒక బాకీ ఉంది.

12 డిసెంబరు, శుక్రవారం

పెద్ద ప్రింటు వేసి షట్టరు పక్కన అతికించాను. సంతకొచ్చినవాళ్లు ఆగి చూశారు. పదకొండింటికి కాఫీ పళ్లు తూకం వేయించుకుని వచ్చిన ఒక పెద్దాయన ప్రింటుకి దగ్గరగా ముక్కు పెట్టి చాలాసేపు నిలబడ్డాడు. 

"ఏటి బాబూ, ఇదెక్కడ దొరికింది?"

"మా అటక మీద తాతా. ఎవరైనా ఎరికా నీకు?"

"ఎరికేటి, ఈడు నానే గదా." షీల్డు వెనక కూర్చున్న పలచటి కుర్రాడి మీద వేలు పెట్టాడు. 

లోపల కూర్చోబెట్టాను. పేర్లు చెప్పమన్నాను. "సుక్ర. ఈడూ సుక్ర. ఆ కీపరూ సుక్రే." నాతో పాటు ఆయనా నవ్వాడు. ఇక్కడ చాలా ఇళ్లల్లో ఏ వారం పుడితే ఆ వారం పేరే పెడతారు. సోమవారం సోమ, బుధవారం బుద్రు, శుక్రవారం సుక్ర. వారం పేర్లతో జట్టు తేలదు, ఇంటిపేరూ ఊరూ కలిపితేనే. అప్పుడు చెప్పాడు. కిల్లో ఇంటివాళ్లు ఇద్దరు, కొర్రా ఇంటివాడు ఒకడు, పాంగి, గొల్లోరి, వంతల. కిల్లో అంటే పులి వంశం, కొర్రా సూర్యుడు, పాంగి గద్ద, గొల్లోరి కోతి, వంతల పాము. మేనల్లుడికి చెప్పాలి. వాళ్ల బేస్‌బాల్ జట్లు టైగర్స్ అనీ కబ్స్ అనీ పేర్లు పెట్టుకుంటాయి. మావాళ్లకి పుట్టుకతోనే ఉన్నాయి.

"ఎవులతో ఆడినారు?"

"రైల్వే కోటర్సోళ్లతో. బేటు ఆళ్లదే. నెగ్గినాక షీల్డు మాకిచ్చీసి, బేటు అట్టుకుపోయినారు." 

షీల్డు ఏమైందని అడిగాను. కొన్నాళ్లు ఊళ్లో ఒకరింట్లో గాదె మూతగా ఉండేదట.

19 డిసెంబరు, శుక్రవారం

తాత ఇవాళ ఇంకో ఇద్దరిని వెంటబెట్టుకొచ్చాడు. వాళ్లలో వాళ్లు ఆదివాసీ ఒడియాలో వాదించుకున్నారు. ఒక ఆవిడ, వెనక వరస చివరివాడి చెల్లెలట, మొహం చూసి కాదు, చొక్కా చూసి పోల్చింది. అది తన తండ్రి చొక్కా, ఆ రోజుకి అడిగి వేసుకెళ్లాడట, చిరిగి తెచ్చాడట. బేస్‌బాల్ సేకర్తలు జెర్సీ కుట్టు చూసి ఏ సీజన్‌దో చెబుతారని మేనల్లుడు గొప్పగా అంటాడు. ఈవిడ ముందు వాళ్లెవరూ చాలరు.

సాయంత్రం కొత్త రిసార్టు వాళ్లు వచ్చారు. ప్రింటు చూసి ముచ్చటపడ్డారు, భోజనశాల గోడకి నాలుగడుగుల సైజులో కావాలన్నారు. మంచి ధర చెప్పారు. కింద పేర్లూ ఊళ్లూ వేసి ఇస్తానన్నాను. "పేర్లెందుకు సార్, క్లీన్‌గా ఉండాలి. వింటేజ్ ఫీల్ పోతుంది." 

పేర్లు లేకుండా ఇవ్వనన్నాను. పైగా ఆ పేర్లవాళ్లని అడగాలి, వాళ్లు ఒప్పుకుంటే ఆ డబ్బులో వాటా వాళ్లది. ఆలోచించి చెబుతామని వెళ్లారు. రారు. స్టూడియో గదికి అద్దె కట్టాల్సిన నెలలో ఇలాంటి మాటలు అంటానని నా భార్యకి ముందే తెలుసు కాబట్టి ఏమీ అనలేదు.

26 డిసెంబరు, శుక్రవారం

చలి బాగా పట్టింది. ఉన్నవాళ్లకి తలా ఒకటి, పోయినవాళ్ల ఇళ్లకి ఒకటి ప్రింట్లు వేశాను. వెనకవైపు రాయడమే పెద్ద పని. బాల్‌పెన్ వద్దు, ఒత్తిడికి ముందువైపు గాడి తేలుతుంది, సిరా పాకుతుంది. పాత ఫైబరు కాగితమైతే మెత్తటి పెన్సిల్ చాలు. ఇప్పటి ప్లాస్టిక్ పూత కాగితం మీద పెన్సిల్ నిలవదు, ఆరిపోయే మార్కరు కావాలి, ఆరేదాకా ఒకదాని మీద ఒకటి పెట్టకూడదు. కాబట్టి బల్లంతా, మంచమంతా బోర్లా పడుకున్న ఫొటోలు. ఇంటిపేరు, వారం పేరు, ఊరు, వరసలో ఎక్కడ. కింద ‘రైల్వే క్వార్టర్స్ జట్టు మీద గెలిచిన రోజు’ అని. తేదీ ఖాయం చేయలేదు, ఇద్దరు రెండు సంవత్సరాలు చెప్పారు. రెండూ రాసి ఎవరు ఏది చెప్పారో పక్కన పెట్టాను.

సెల్‌ఫోన్లలో సంక్రాంతి టోర్నమెంట్ల ఫొటోలు వేలకి వేలు తిరుగుతున్నాయి, వాటికి వెనకవైపే లేదు. ఈసారి కప్పు అందుకునే జట్టుకి ఒక్క కాగితం ప్రింటు ఊరికే వేసిస్తానని కుర్రాళ్లకి చెప్పాను, కెప్టెన్ తన చేత్తో వెనక పేర్లు రాయాలి. "ఇన్‌స్టాలో ట్యాగ్ చేస్తాం కదా అన్నా" అన్నారు. ఒప్పుకున్నారు మొత్తానికి.

పేర్లు తేలనివాళ్లు ఇద్దరు మిగిలారు. ఒకడు ఆ మోకాలివాడు. ఎవరూ పోల్చలేదు. రెండోవాడు, తెల్ల టోపీ పెట్టుకున్నది, రైల్వే జట్టువాడేనని, చివరి నిమిషంలో మనిషి తక్కువై ఇటు ఆడాడని తాత అంటున్నాడు. అతను తర్వాత కొరాపుట్‌కి బదిలీ అయి అక్కడే ఇల్లు కట్టుకున్నాడట. ఆదివారం స్టూడియో మూసి కిరండూల్ పాసింజరు ఎక్కుతాను. తాత కూడా వస్తానంటున్నాడు. ఆ బ్యాటు సంగతి అడగాలట.